పిల్లను అడిగిన మనిషి

మా అత్తగారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున్నే, మిరప కళ్లంలో, తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్ళకు ఏదో గట్టిగా చెబుతూ ఉన్నట్టుండి బస్తా మీద కూలబడిపోయారట. కబురు తెచ్చిన జీతగాడు గుమ్మంలో నిలబడి రొప్పుతూ, "అమ్మగారు మాట్టాడతల్లేదమ్మా" అన్నాడు. జ్వరంలో కూడా మాట్లాడిన మనిషి. నిద్రలో కూడా ఎవరినో ఒకరిని కేకలేసే మనిషి. ఆవిడ మాట్లాడటం లేదంటే ఇంక వైద్యుణ్ణి పిలవాల్సిన పని లేదని నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. ఏడుస్తూ రాయాల్సి వస్తుందేమో అనుకున్నాను గాని, కలం పట్టుకున్న దగ్గర్నుంచీ ఒకటే తొందర. ఇది చెప్పాలి, అది చెప్పాలి, అది చెప్పకపోతే ఇది అర్థం కాదు అని నాకు నేనే అడ్డం వస్తున్నాను. ఇదీ ఆవిడ నుంచి అంటుకున్న అలవాటే.

నేను వినుకొండ నుంచి ఈ ఇంటికి కొత్తకోడలిగా వచ్చిన రోజు, బండి వీధి మలుపు తిరిగిందో లేదో ఆవిడ పరుగెత్తుకుంటూ ఎదురొచ్చేశారు. హారతి పళ్ళెం ఇంట్లోనే మరిచిపోయారు. వెనకాల ఎవరో ఆ పళ్ళెం పట్టుకుని "ఓ వదినా, ఆగు, ఆగు" అంటూ ఉరుకుతున్నారు. ఆవిడ బండి చక్రం పట్టుకుని నా గడ్డం పైకెత్తి చూసి, "ఏమే, ఆకలవుతుందా?" అన్నారు. అత్తగారి నోటి నుంచి నేను విన్న మొదటి మాట అది. ఆ తర్వాత కూడా ఆవిడ నన్ను ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. చీర కొనే ముందు రంగు అడిగేవారు. కూర దించే ముందు ఉప్పు చూడమనేవారు. "కోపమొస్తే నోరు తెరిచి చెప్పు. మూతి ముడిస్తే నాకు అర్థంగాదు" అనేవారు. ఊళ్లో అత్తలందరూ కోడళ్ళకు చెప్పే రోజుల్లో మా అత్తగారు కోడల్ని అడిగేవారు. నేను పెట్టి పుట్టానని మా అమ్మ పదిమందికీ చెప్పుకునేది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయనా వద్దా అని చాలా ఆలోచించి, చివరికి మా ఆడబిడ్డనే అడిగాను. "రాయి వదినా. నా పేరు మాత్రం రాయమాక. అమ్మ సంగతి పదిమందికీ తెలవాలిగా" అంది. అడగకుండా రాసి ఉంటే మా అత్తగారు పైనుంచి దిగొచ్చి నా చెవి పట్టుకునేవారు.

యుద్ధం రోజులు. మావారు మద్రాసులో ఉద్యోగంలో ఉన్నారు. ఇంట్లో అత్తగారు, మామగారు, నేను, మా ఆడబిడ్డ. ఆ పిల్లకు పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు విషజ్వరంతో పోతే పుట్టింటికి వచ్చేసింది. తెల్లచీర కట్టుకుని, పెరట్లో మల్లెచెట్టుకు నీళ్లు పోసి, ఆ పూలు మాత్రం నాకు కట్టి ఇచ్చేది. ఇరవై ఏళ్లు నిండాయో లేదో.

మా వైపు ఆడవాళ్ళు నెలకు మూడు రోజులు దూరం ఉంటారని మీలో చాలామందికి తెలుసు. పెరటి పంచలో చాప, విడిగా చెంబు, విడిగా కంచం. వాళ్ళను ముట్టుకున్నవాళ్ళు తలమీద నీళ్లు పోసుకోనిదే వంటింటి గడప తొక్కరు. గోడలు మోకాళ్ళెత్తు, కాబట్టి ఏ ఇంట్లో ఎవరు చాప ఎక్కారో, ఎవరు ఎక్కలేదో వీధంతటికీ తెలిసిపోతుంది. కొత్తకోడలు చాప ఎక్కకపోతే బెల్లం పంచుతారు. అదే మొగుడు పోయిన పిల్ల ఎక్కకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఆ నెల మా ఆడబిడ్డ ఎక్కలేదు. అంతకు ముందు నెలా ఎక్కలేదని, ఊళ్లో మసూచికం అమ్మవారి మొక్కుల హడావిడిలో ఏదో వంకతో దాటవేసిందని అత్తగారికి అప్పుడు తట్టింది. పిల్లను గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశారు. బయటికొచ్చేసరికి ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. కానీ గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడేలా ఎత్తారు. "ఏమే కోడలా! పిల్ల దూరం కూర్చుంది, పంచలో చాప వెయ్యి!"

నేను చాప వేశాను. వేస్తుంటే నా పక్కన వంగి, "కాస్త వ్యవధి కావాలే నాకు. ఏం చెయ్యాలో తెలవట్లా" అని గొణిగారు. ఆవిడ గొణగడం నేను మొదటిసారి విన్నాను. నాకు భయం వేసింది.

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు పొద్దున పక్కింటి పిన్ని గిన్నె పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చింది, కాస్త ఆవకాయ పెట్టమని. అత్తగారు జాడీ మూత తీసి గరిటె పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే పంచలో పిల్ల గోడ పట్టుకుని భళ్ళున వాంతి చేసుకుంది. అంతే! అత్తగారు గరిటె వదిలేసి ఒక్క ఉరుకున వెళ్లి పిల్ల నుదురు పట్టుకున్నారు. కొంగుతో మూతి తుడిచారు. నీళ్లు తాగించారు. జుట్టు సర్ది, వెనక్కి వచ్చి, పిన్ని ఎదురుచూస్తోంది కదా అని ఆ చేత్తోనే గరిటె పట్టుకుని జాడీలో పెట్టారు.

నేను చూస్తూనే ఉన్నాను. పిన్ని ఆవకాయ వైపు చూసింది. పంచ వైపు చూసింది. అత్తగారి చేతివైపు చూసింది. దూరం ఉన్న పిల్లను ముట్టుకుని, స్నానం చేయకుండా ఏడాది ఊరగాయ జాడీలో చెయ్యి పెట్టే ఆడది మా పల్నాడు మొత్తంలో లేదు. పెట్టిందంటే ఆ పిల్ల దూరం కూర్చోలేదన్నమాటే. పిన్ని గిన్నె చంకన పెట్టుకుని, ఊరగాయ పెట్టించుకోకుండానే వెళ్లిపోయింది. అత్తగారికి అప్పుడు తెలివొచ్చింది. నెత్తి కొట్టుకుని, "చేతులారా చేసుకుంటినే!" అన్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఆ చెయ్యే కళ్ళముందు ఉంటుంది. పిల్ల వాంతి చేసుకుంటుంటే ఆ తల్లికి ఏ నియమమూ, ఏ నాటకమూ గుర్తు రాలేదు.

గొడ్లు ఇళ్ళకు చేరే వేళకల్లా మా అరుగు నిండిపోయింది. మామగారి అన్నగారు, అంటే మా పెదమామగారు, ఊళ్లో మరో ఇద్దరు పెద్దలు, వీధిలో మిషను బడి నడిపే టీచరమ్మ. మామగారు ఒక మూల తలవంచుకుని కూర్చున్నారు. నేనూ, అత్తగారూ తలుపు వెనక. గదిలో పిల్ల.

"రేపు మనిషొచ్చిద్ది, వేరుమందు ఇచ్చిద్ది. మూడో కంటికి తెలవకుండా అయిపోవాల" అన్నారు పెదమామగారు.

"అది శిశుహత్య. ఏడు జన్మలకు పోదు ఆ పాపం" అన్నాడు ఒక పెద్దమనిషి. "కాశీకి తీసకపోయి వదిలిరండి. కంటదో, ఏం జేసిద్దో, అక్కడే ఉంటది."

"ముందు వాడెవడో చెప్పమనండి. ఆడి సంగతి తేల్చుదాం" అన్నాడు ఇంకొకాయన. ఆ మాటకి అందరూ లేచారు. ఎవడు, ఎవడు అని ఒకటే ఆరా. వాడి పేరు మీద ఉన్న ఆత్రంలో పిసరంతైనా పిల్ల మీద లేదు. చెబితే నమ్మరు గాని, మా అత్తగారు కూతుర్ని ఆ పేరు ఒక్కసారి కూడా అడగలేదు. నాకు ఈ రోజుకీ తెలియదు.

అప్పుడు జరిగింది చూడండి! పెదమామగారి ఎదుట ఆవిడ ఏనాడూ నిలబడి ఎరగరు. బావగారి గొంతు వినపడితే తలుపు చాటుకు పోయి, నాచేత జవాబు చెప్పించే మనిషి. ఆ మనిషి కొంగు నడుముకు బిగించి, తలుపు తోసుకుని, అరుగు మధ్యలోకి వచ్చి నిలబడ్డారు.

"పిల్లని అడిగారా?" అన్నారు.

ఒక్కొక్కరి వైపూ వేలు చూపించారు.

"మందంటావు నువ్వు. కాశీ అంటాడు ఆయన. పేరంటాడు ఇంకోడు. పిల్లని అడిగారా అంటన్నా."

"దాన్ని అడిగేదేంది? తప్పుజేసిన పిల్ల, అదేం జెప్పుద్ది?" అన్నారు పెదమామగారు.

"మోసేది అదిగదా బావా. చచ్చేది అదిగదా. ఆ వేరుమందు మింగే గదా పోయినేడు పక్కూరి పిల్ల గిలగిల్లాడి పోయింది? దాన్నీ ఎవురూ అడగలా."

"వంశం పరువు..."

"పరువా? కోటప్పకొండెక్కేటప్పుడు స్వామికంటే ముందు ఎవురికి మొక్కుతావు బావా? గొల్లభామకి గాదూ? పెళ్లిగాని పిల్ల గదా ఆమె? కడుపుతోనే గదా కొండెక్కింది? కొండమీద చేతులు జోడిస్తావు, ఇంటో ఉన్నదానికి విషం పోస్తావు. ఇదేం లెక్కో చెప్పు!"

నేను తలుపు వెనక చప్పట్లు కొట్టబోయి ఆగాను. అయితే ఆ మాటకు జవాబు వచ్చింది. ఎవరూ అనుకోని చోటు నుంచి వచ్చింది. టీచరమ్మ మెల్లగా లేచి, "ఆ గొల్లభామ బిడ్డను కన్నది గదక్కా" అన్నారు. "నువ్వూ కననియ్యి. నేను తీసుకుంటా. మా బంధువులింట్లో పెట్టి పురుడు పోయిస్తా. నా బిడ్డగా పెంచుకుంటా. దేవుడిచ్చిన ప్రాణం తీసే హక్కు మనకు లేదక్కా."

అత్తగారు గబుక్కున టీచరమ్మ రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్ళల్లో నీళ్లు తిరిగాయి. నేను ఆవిడ మనసు అప్పుడే చదివేశాను. ఆవిడకు కావలసిందీ అదే. పుట్టి పోయిన ముగ్గురు పిల్లల్ని తన చేతులతో మట్టిలో పెట్టిన తల్లి. కోడిపెట్ట పొదిగిన గుడ్డు మురిగిపోయినా ఆ పూట సరిగా తినని మనిషి. కడుపు తీయించడం ఘోరమని ఆవిడే ఎన్నోసార్లు అనగా విన్నాను.

"నాకైతే ఇదే బాగుంది టీచరమ్మా. అయినా పిల్లని అడగాల" అన్నారు, లోపలికి వచ్చేశారు.

గదిలో పిల్ల గోడకు ఆనుకుని కూర్చుంది. అంతా విన్నది. అత్తగారు ఎదురుగా చతికిలబడి టీచరమ్మ మాట మళ్ళీ చెప్పారు, ఎంత ఆశగా చెప్పారో! ఎవరికీ తెలియదని, తను కూడా వెంట ఉంటానని, బిడ్డను చూడాలనిపిస్తే వీధి దాటితే చాలని. పిల్ల చివరిదాకా విని, తల్లి ముఖంలోకి చూసింది.

"నువ్వడిగావు గాబట్టి చెప్తన్నానమ్మా. నాకొద్దు. కని ఇచ్చెయ్యలేను. ఈ వీధిలో ఆ బిడ్డ తిరగతా ఉంటే పిన్నిని గానో, అత్తని గానో చూడలేను. కనమనమాక, మొయ్యమనమాక. ఆ మందైనా సరే మింగుతా. అదీ ఒద్దంటే పెరట్లో బావి ఉండాది."

అత్తగారు ఏడ్చారు. దాచుకోకుండా, శబ్దం చేస్తూ ఏడ్చారు. "నాకిష్టం లేదే. నా చేతులతో ఇట్టాంటిది చేయించలేనే" అన్నారు. పిల్ల ఆవిడ ఒళ్ళో తలపెట్టింది. చాలాసేపటికి ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, "సరే. బతికుండేదాన్ని ముందు బతికించుకుంటా" అన్నారు.

తెల్లవారేసరికి మామగారు బండి కట్టి ఉంచారు. ఎవరూ చెప్పలేదు, ఆయన ఎవరినీ అడగలేదు. గడ్డి పరిచి, మీద దుప్పటి వేసి, ఎడ్ల పక్కన నిలబడ్డారు. ఆ మొత్తం వ్యవహారంలో ఆయన చేసిన ప్రసంగం అదొక్కటే. పెదమామగారు వీధిలోకి వచ్చి, "ఈ బండి కదిలిందా, ఇంక నా గడప తొక్కొద్దు" అని అరిచారు. అత్తగారు బండెక్కుతూ, "మంచిది బావా. మీ ఇల్లు మిట్టమీద ఉండాది. నాకు ఎక్కే పని తప్పుద్ది" అన్నారు. అంత భయంలోనూ పిల్లా నేనూ నవ్వేశాం.

గురజాలలో గుంటూరు రైలెక్కాం. పట్నంలో ఒక లేడీ డాక్టరు ఉన్నారని అత్తగారు ఎవరి దగ్గరో విని పెట్టుకున్నారు. ఆ డాక్టరమ్మ ముందు ససేమిరా అన్నారు. తల్లి ప్రాణానికి ముప్పుంటే తప్ప చట్టం ఒప్పుకోదనీ, తన మనసూ ఒప్పుకోదనీ చెప్పారు.

"ముప్పే గదమ్మా" అన్నారు అత్తగారు. "నువ్వు కాదంటే మా బావ వేరుమందు తెప్పిస్తాడు. అదీ ఒద్దంటే మా పెరట్లో బావి ఉండాది. చదువుకున్న తల్లివి, ఇందులో ఏది ముప్పు గాదో నువ్వే చెప్పు, ఇప్పుడే లేచి పోతా."

డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పంపి, పిల్లతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడారు. తలుపు తెరిచినప్పుడు ఆవిడ ముఖం బాగా అలిసిపోయి ఉంది. "ఈ పిల్ల ప్రాణానికి ముప్పే" అని మాత్రం అన్నారు.

పిల్లను లోపలికి తీసుకెళ్ళాక ఆసుపత్రి వరండాలో మా అత్తగారు అటూ ఇటూ నడిచారు. పలకరిస్తే పలకలేదు. పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నేను ఆ నిశ్శబ్దం భరించలేక ఒకటి రెండుసార్లు అక్కర్లేని ప్రశ్నలు వేశాను. మర్నాడు మధ్యాహ్నం పిల్ల కళ్ళు తెరిచి, "అమ్మా, అన్నం పెట్టవే" అంది.

అప్పుడు మీరు చూడాలి ఆవిణ్ణి! వరండాలోకి ఉరికారు. దారిన పోయే నర్సును పట్టుకుని, రోగులకు కాఫీ తీసుకెళ్తున్నవాళ్ళను ఆపి, ఊడ్చే మనిషి చేతిలో చీపురు లాగేసి, "మా పిల్ల అన్నమడిగింది! విన్నారా? అన్నమడిగింది మా పిల్ల!" అని ముక్కూ మొహం తెలియనివాళ్ళందరికీ చెప్పారు. ఒక ముసలాయన ఏమీ అర్థంకాక, "సంతోషమమ్మా, మగబిడ్డా?" అని అడిగాడు. ఆవిడ, "ఆడబిడ్డ. ఇరవయ్యేళ్ళది" అన్నారు.

ఊరు మమ్మల్ని ఊరికే వదల్లేదు. పేరంటాలకు పిలుపులు ఆగిపోయాయి. ఊరి మంచినీళ్ల బావి దగ్గరికి మేము వెళ్తే పక్కకు జరిగేవాళ్ళు. టీచరమ్మ మాత్రం వస్తూనే ఉన్నారు. వేరుశెనక్కాయలు ఒలుస్తూ ఇద్దరూ ఏళ్ల తరబడి అదే సంగతి వాదించుకున్నారు. ఒకరి మాట ఒకరు ఒప్పుకున్నది లేదు, ఒకరి కాఫీ ఒకరు వద్దన్నదీ లేదు.

"తప్పని నీకూ తెలుసక్కా" అనేవారు టీచరమ్మ.

"తప్పే టీచరమ్మా. కాదని నేనెప్పుడన్నా? రేపు మళ్ళా వచ్చినా మళ్ళా తీసకపోతా."

"రెండూ ఎట్టా కుదురుద్దక్కా?"

"కుదరదు. కుదరకపోయినా చేశా."

పట్నంలో స్త్రీల సభ పెట్టే కుర్రాళ్ళు కొందరు ఈ సంగతి విని, ఆవిణ్ణి వేదిక మీద మాట్లాడమని వచ్చారు. శాస్త్రం తెలిసిన ఒకాయన, చేసినదానికి ప్రాయశ్చిత్తం చెప్పించుకోమని వచ్చాడు. అందరికీ మజ్జిగ ఇచ్చి పంపించేశారు. నేను కారణం అడిగితే, "ఆ కుర్రాళ్ళూ, ఆ శాస్త్రమాయనా నన్ను తప్పనో ఒప్పనో ఒక్క మాట అనమంటన్నారే. నాకు రెండు మాటలున్నాయి" అన్నారు. కోటప్పకొండ ఎక్కినప్పుడల్లా గొల్లభామ గుడి దగ్గర అందరికంటే ఎక్కువసేపు కళ్ళు మూసుకుని నిలబడేవారు. ఏం మొక్కుకునేవారో ఎప్పుడూ చెప్పలేదు. అన్నీ చెప్పే మనిషి అదొక్కటి చెప్పలేదు.

మొన్న ఆవిణ్ణి వాకిట్లో పడుకోబెట్టినప్పుడు పెదమామగారు వచ్చారు. ఇన్నేళ్ళలో మా గడప తొక్కడం అదే మొదలు. "మొండిది. నా మాట ఏనాడూ ఇన్లా" అంటూ కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చారు. టీచరమ్మ తలదగ్గర కూర్చుని, "ఇంక నేనెవరితో వాదించాలక్కా" అన్నారు.

మా ఆడబిడ్డకు పుస్తకం పట్టించింది టీచరమ్మే. అక్షరాల నుంచి మొదలుపెట్టి, ట్రైనింగు దాకా పంపించారు. ఇప్పుడు రాజుపాలెం దగ్గర ఒక బళ్ళో పంతులమ్మ. ఆమె అక్కడ చేరిన కొత్తల్లో అత్తగారు నన్ను వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్ళారు. బడి ఇంకా వదల్లేదు. లోపలికి పోదామంటే వద్దని, కిటికీ కింద ఎండలో నిలబడ్డారు. లోపల మా ఆడబిడ్డ ఎక్కాలు చెబుతోంది. ఆమె ఒకటి చెబితే పిల్లలందరూ ఎలుగెత్తి అంటున్నారు. అత్తగారు ఒక్క చోట నిలవలేకపోతున్నారు. నా భుజం గిల్లుతున్నారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు, నవ్వుతున్నారు. ఇంతలో ఆ దారిన పత్తి బస్తాల బండి ఒకటి వచ్చింది. ఆవిడ రోడ్డు మధ్యలోకి ఉరికి రెండు చేతులూ అడ్డం పెట్టారు.

"ఒరేయ్ అబ్బాయ్, ఆపు! బండాపు. ఇను."

బండివాడు బెదిరిపోయి పగ్గాలు లాగాడు. "ఏందమ్మా? ఏమైంది?"

"ఏం గాలా. ఆ గొంతు ఇనపడతందా? మా పిల్లది!"

వాడు మా అత్తగారి వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. ఏమనుకున్నాడో, చెర్నాకోల ఒళ్ళో పెట్టుకుని, తలగుడ్డ తీసి, ఆ ఎక్కం పూర్తయ్యేదాకా బండి మీద కూర్చుని విన్నాడు.